షర్బత్తు లెక్కలో తేలని పది రూపాయలు

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లినప్పుడు ఈ పెట్టె కొన్నాను. గట్టి అట్టపెట్టెలో పిల్లలకు డబ్బు సంగతులు చెప్పే నాలుగు పుస్తకాలు. మొదటిది డబ్బు పుట్టుక గురించి, రెండోది బ్యాంకు గురించి, మూడోది వ్యాపారం మొదలుపెట్టడం గురించి, నాలుగోది పిల్లలు తామే రాసుకునే లెక్కల పుస్తకం. అట్ట మీద ధర 1,200 రూపాయలు, అక్కడ 950కి ఇచ్చారు. నేను 900కి అడిగాను. ‘పుస్తకాలకు కూడా బేరమా మేడమ్?’ అన్నాడు అమ్మే కుర్రవాడు. కందిపప్పుకు ఉన్న బేరం పుస్తకానికి ఎందుకు ఉండకూడదో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ప్రచురణకర్త పేరు కావాలనే రాయడం లేదు. అదే వరుసలో ఇంకో మూడు చోట్ల ఇంచుమించు ఇలాంటి పెట్టెలే చూశాను. బొమ్మలు వేరు, సరుకు ఒకటే. వాటిలో ఏది కొనాలనుకునేవారికైనా ఈ నాలుగు మాటలు పనికివస్తాయి.

మాది తెనాలి. నాన్న పెట్టిన కిరాణా కొట్టును పదకొండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. అమ్మాయికి పదేళ్లు నిండాయి, అబ్బాయికి ఏడు. ‘తల్లిదండ్రులు పక్కన కూర్చుని రోజూ రాత్రి పది నిమిషాలు చదివించాలి’ అని పెట్టె మీద రాసి ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించి, గల్లా లెక్క చూసుకుని నేను ఇల్లు చేరేసరికి పిల్లలు తూగుతూ ఉంటారు. అందుకని మా చదువు ఆదివారాలకూ, వేసవి సెలవుల్లో కొట్టులో గిరాకీ ఉండని మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్యకూ మారింది. పెద్దది బియ్యం బస్తా మీద కూర్చుని బయటికి చదువుతుంది. చిన్నవాడు దాని భుజం మీదుగా బొమ్మలు చూస్తాడు. నాన్న కుర్చీలో కళ్లు మూసుకుని ఉంటారు. నిద్రపోయారనుకుంటాం గానీ, పోరు.

ముందు పుస్తకాల ఒళ్లు గురించి చెప్పాలి. కాగితం మందంగా ఉంది, అక్షరం పెద్దది, రంగులు కళ్లకు గుచ్చుకోవు. రెండో పుస్తకంలో ఎనిమిది పేజీలు రెండేసి సార్లు కుట్టి, వాటి తరువాతి ఎనిమిది పేజీలు మరిచిపోయారు. ఉత్తరం రాస్తే మూడు వారాలకు కొత్త ప్రతి పంపారు, పోస్టు ఖర్చు అడగలేదు. అక్కడికి సంతోషం. బాధంతా భాషతో. ఎక్కడో ఇంగ్లీషులో రాసిన దాన్ని తెలుగు అక్షరాల్లోకి దించారు తప్ప, తెలుగు ఇంట్లోకి దించలేదు. పిల్ల ఇంటి ముందు పచ్చిక మీద బల్ల వేస్తుంది. తెనాలిలో ఏ ఇంటి ముందు పచ్చిక ఉందో చూపిస్తే నేనూ వెళ్లి కూర్చుంటాను. ఆ పిల్లకు వాళ్ల నాన్న ‘వారపు భత్యం’ ఇస్తాడు. ‘భత్యం అంటే ఏమిటమ్మా?’ అని అడిగింది పెద్దది. నాకు తెలిసిన భత్యం మా వీధి చివర మాస్టారికి వచ్చే కరువు భత్యం ఒక్కటే. చేతి ఖర్చు అని రాస్తే ఏడేళ్లవాడికి కూడా అర్థమయ్యేది.

అన్నిటికంటే గొప్ప మాట ఇంకొకటుంది. మన ఇళ్లలో పిల్లలు చిల్లర దాచుకునేది మట్టి ముంతలో, ఈ మధ్య ప్లాస్టిక్ డబ్బాలో. ఏదైనా హుండీ అనే అంటాం. ఈ పుస్తకంలో అది ‘పంది డబ్బా’, ఇంగ్లీషు పిగ్గీ బ్యాంకుకు మాటకు మాట. చిన్నవాడికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఇప్పుడు మా ఇంట్లో హుండీకి ఆ పేరే ఖాయమైపోయింది. చుట్టాల ముందు కూడా ‘నా పంది డబ్బాలో వేయండి’ అంటున్నాడు.

మొదటి పుస్తకం మీద ఎక్కువ చెప్పడానికి లేదు. వస్తుమార్పిడి, గవ్వలు, నాణేలు, నోట్లు, చివర అరపేజీలో ఫోనుతో చెల్లింపు. ఆ అరపేజీ చాలలేదు. మా కొట్టులో స్కాన్ చేసి డబ్బు పంపితే, పక్కనున్న చిన్న పెట్టె ‘నలభై రూపాయలు అందాయి’ అని గట్టిగా చెబుతుంది. డబ్బు ఆ పెట్టెలోనే ఉంటుందని చిన్నవాడి నమ్మకం. ఒకసారి దాన్ని తలకిందులు చేసి ఊపి చూశాడు. 2016 తరువాత ఫోను చెల్లింపులు ఊపందుకున్న కాలంలో పుట్టిన పిల్లవాడు వాడు. వాడికి డబ్బు అంటే శబ్దం. ఆ రోజు పుస్తకం మూసి, గల్లా సొరుగు బయటికి లాగి, నోట్లూ నాణేలూ వేరుచేసి వాడి చేత లెక్కపెట్టించాను. 1,340 రూపాయలు వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టాడు, మూడుసార్లూ వేరే సంఖ్య. నాన్న నాలుగోసారి లెక్కపెట్టి తేల్చారు.

రెండో పుస్తకం, అంటే బ్యాంకుది, సరిగ్గా చదివించగలిగితే మంచిది. వడ్డీ అంటే ఏమిటో ఒక మామిడి మొక్క బొమ్మతో చెప్పారు, పిల్లలకు బాగానే ఎక్కింది. కానీ ఉదాహరణలన్నీ ‘సంవత్సరానికి ఇంత శాతం’ అనే లెక్కలోనే ఉన్నాయి. మా కొట్టు ముందు నిలబడే ఏ మనిషి నోటా శాతం అనే మాట వినిపించదు. ‘రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను’, ‘మూడు రూపాయలు అడుగుతున్నాడు’ అంటారు. నూటికి, నెలకు అని ఎవరూ ప్రత్యేకం చెప్పరు, అందరికీ తెలుసు. తెలియనిది పిల్లలకే. పెద్దది పుస్తకంలో 4 శాతం చూసి, బయట రెండు రూపాయలు విని, ‘నాలుగు కంటే రెండు తక్కువే కదా, అయితే వాళ్లు ఎందుకు ఏడుస్తారు?’ అని అడిగింది.

ఆ ప్రశ్న విని నాన్న కళ్లు తెరిచారు. పాత సిగరెట్ అట్ట వెనక రాయించారు. నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి ఇరవై నాలుగు. వెయ్యి తెస్తే నెలకు ఇరవై. అసలు ముట్టకుండా వడ్డీ ఒక్కటే కట్టుకుంటూ పోతే యాభై నెలలకు, అంటే నాలుగేళ్ల రెండు నెలలకు, తెచ్చినంతా కట్టేసినట్టు. అప్పటికీ అసలు వెయ్యి అలాగే ఉంటుంది. పెద్దది పెన్సిలు కొరుకుతూ చాలాసేపు ఆ అట్ట వైపు చూసింది. తరువాత అది వేసిన ప్రశ్న ఏ పుస్తకమూ ఊహించలేదు: ‘మరి నా డబ్బు పోస్టాఫీసులో నాలుగుకు ఎందుకు పెట్టారు? మనమే ఇరవై నాలుగుకు ఇద్దాం.’

దానికి పదేళ్లు నిండగానే పోస్టాఫీసులో 500 రూపాయలతో పొదుపు ఖాతా తెరిపించాం. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చు. బ్యాంకుల్లోనూ అలా వీలు కల్పిస్తూ రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు, ఈ పుస్తకమూ చెప్పదు. తన సంతకం తనే పెట్టుకోవడం దానికి పెద్ద గర్వం. ఆ 500కు ఏడాదికి వచ్చేది 20 రూపాయలు. రెండు రూపాయల వడ్డీకి ఇస్తే 120. దాని లెక్కలో తప్పు లేదు.

నాన్న జవాబు చెప్పలేదు. లేచి లోపలి గూట్లోంచి పాత ఖాతా పుస్తకం తీశారు. ఎర్రగుడ్డ అట్ట, నిలువుగా పొడుగ్గా ఉండే రకం. పేజీలు తిప్పుతూ కొన్ని పేర్లు చూపించారు. వాటి మీద అడ్డంగా గీత ఉంది. ‘వీళ్లు కట్టేశారా తాతయ్యా?’ అంది పెద్దది. ‘కట్టినవాళ్ల పక్కన ముట్టింది అని రాస్తానమ్మా. గీత కొట్టినవి నేను వదులుకున్నవి’ అన్నారు. పిల్ల ఆ పేజీలో గీతలు లెక్కపెట్టింది. తొమ్మిది. పుస్తకంలో మామిడి మొక్కకు ఒక్క చీడా పట్టలేదు, ఒక్క కాయా రాలలేదు. పిల్లలకు రాసేటప్పుడు నష్టాన్ని దాచిపెట్టడం ప్రేమ అనుకుంటారేమో తెలియదు.

ఇక మూడో పుస్తకం. ఈ పెట్టె అమ్ముడుపోయేదే దీని వల్ల. పచ్చిక మీద బల్ల వేసిన పిల్ల ఇందులో నిమ్మకాయ షర్బత్తు అమ్ముతుంది. ఇరవై గ్లాసులు, గ్లాసు పది రూపాయలు, 200 వచ్చాయి. నిమ్మకాయలకు, చక్కెరకు కలిపి 80 ఖర్చు. లాభం 120. కింద పెద్ద అక్షరాల్లో ‘నువ్వు కూడా ప్రయత్నించు!’ అని ఉంది.

పెద్దది చదవడం ఆపీ ఆపకముందే నాన్న అడిగారు: ‘గ్లాసులు ఎవరివి? ఐసు ఎంత?’

మే నెలలో ఒక శనివారం ఆ ప్రయత్నం చేశాం. తెనాలిలో నిమ్మకాయల మార్కెట్ యార్డు ఉంది, కాయకు మాకు కొరత లేదు. కానీ ఊళ్లో యార్డు ఉంటే మే నెలలో కాయ చవకవుతుందని కాదు. ఎండ పెరిగేకొద్దీ కాయ తగ్గుతుంది, అడిగేవాళ్లు పెరుగుతారు. 2022 ఏప్రిల్‌లో నిమ్మకాయ పేరెత్తితే జనం ఉలిక్కిపడ్డ సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఈసారి అంత లేదు గాని, మంచి కాయ ఆరు రూపాయలు. గ్లాసుకు సగం కాయ చొప్పున పది కాయలు, 60 రూపాయలు. చక్కెర అరకిలో, 23. కాగితం గ్లాసులు ఇరవై, 20. నీళ్ల టిన్ను 20. ఐసు 20. ‘అన్నీ మన కొట్టువే కదా’ అన్నాడు చిన్నవాడు. మన కొట్టువే, అయినా రాయాలి. నాన్న పట్టుబట్టి రాయించారు. మొత్తం 143.

కొట్టు అరుగు మీద స్టూలు వేసుకుని కూర్చున్నారు. మూడింటికి మొదలుపెట్టారు. బోణీ పాలవాడిది. నాలుగున్నర వరకు బాగా సాగింది. అప్పుడు మబ్బు పట్టింది, చల్లగాలి లేచింది, జనానికి దాహం తీరిపోయింది. గ్లాసు పది నుంచి ఎనిమిదికి తగ్గిద్దామా వద్దా అని అక్కాతమ్ముళ్లు గుసగుసలాడుకోవడం లోపలినుంచి విన్నాను. తగ్గించలేదు. ఆరింటికి లెక్క చూస్తే, డబ్బిచ్చి తాగినవి పద్నాలుగు గ్లాసులు. మూడు అప్పు మీద వెళ్లాయి. ఒకటి ఒలికింది. రెండింటి గురించి ఎంతకీ తేలలేదు. చివరికి చిన్నవాడి పై పెదవి మీద చక్కెర చూసి తేల్చారు.

చేతికి వచ్చింది 140. పెట్టింది 143. చేతిలో మూడు రూపాయల నష్టం, అప్పులు వసూలైతే కాగితం మీద 27 రూపాయల లాభం. పెద్దదాని కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకం తెచ్చి ఆ పేజీ నా ముందు పెట్టి, ‘ఇందులో 120 ఉంది’ అంది, నేనే మోసం చేసినట్టు. నాన్న మాత్రం భలే సంతోషించారు. ‘మొదటి రోజు మూడు రూపాయలేనా పోయింది? నాకు పదిహేడు పోయాయి’ అన్నారు. ఆ పదిహేడు రూపాయల కథ నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. అప్పుడు నాన్నకు ఇరవై రెండేళ్లట. బెల్లం దిమ్మ వానకు తడిసి కారిపోయిందట.

తమ్ముడు తాగిన రెండు గ్లాసుల మీద ఇంట్లో పెద్ద వాదన నడిచింది. అవి నష్టమా, ఖర్చా? కొట్టులోంచి నేను ఇంటికి తీసుకెళ్లే నూనె, పప్పు కూడా ‘ఇంటి వాడకం’ అని వేరే పద్దులో రాస్తానని చూపించాను. గ్లాసుకు ఏడు రూపాయల చిల్లర పడింది కనుక, పద్నాలుగు రూపాయలు పెద్దది తమ్ముడి పద్దులో రాసింది. వాడి పంది డబ్బా దగ్గరికి వెళ్లింది కూడా. నేను ఆపాను.

ఇదే పుస్తకం రెండో సగంలో గొప్ప వ్యాపారవేత్తల కథలున్నాయి. ఒక్కొక్కరికి ఒక పేజీ, అందరూ చిన్నప్పుడే కల కన్నారు, అందరూ పట్టుదలగా ఉన్నారు, అందరూ గెలిచారు. మూడు కథలయ్యేసరికి పిల్లలే పేజీలు దాటించారు. ఒక్క లిజ్జత్ పాపడ్ కథ దగ్గర ఆగాం. 1959 మార్చి 15న ముంబయి గిర్గావ్‌లో ఒక మేడ మీద ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మొదటి రోజు నాలుగు ప్యాకెట్ల అప్పడాలు చేశారు. వాళ్ల డాబా మా డాబాలాంటిదే, వాళ్ల పిండి మా పిండిలాంటిదే. మా దగ్గర మినప్పప్పు కొనే డ్వాక్రా సంఘం అక్కలు పిల్లలకు తెలుసు. ‘ఆ ఎనభై ఎవరిచ్చారు? ఎందుకు నమ్మారు?’ అని పెద్దది అడిగింది. పుస్తకం ఆ ప్రశ్న దగ్గర ఆగదు, కలల గురించి చెప్పుకుంటూ పోతుంది.

ఆ రాత్రి కరెంటు పోయింది. డాబా మీద చాపలు వేసుకుని పడుకున్నప్పుడు నాన్న ఎలుక కథ చెప్పారు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోది అది. దానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ అంటారు, శాతవాహనుల కొలువుతో ముడిపెట్టి చెప్పుకునేది. తండ్రి లేని పేద కుర్రవాడు ఒక షావుకారు దగ్గరికి వెళతాడు. ఆ సమయానికి షావుకారు ఇంకొకడిని తిడుతుంటాడు: తెలివైనవాడైతే ఇదిగో ఈ చచ్చిన ఎలుకను పెట్టుబడిగా పెట్టి కూడా బాగుపడతాడు, నీకు అంత డబ్బిచ్చినా పోగొట్టావు అని. ఈ కుర్రవాడు ఆ ఎలుకనే అప్పుగా తీసుకుని, పత్రం రాసి ఇస్తాడు. పిల్లికి మేతగా దాన్ని అమ్మితే రెండు దోసిళ్ల శనగలు వస్తాయి. శనగలు పిండి చేసుకుని, కుండతో నీళ్లు పట్టుకుని, ఊరి బయట నాలుగు దారుల కూడలిలో నీడన కూర్చుంటాడు. అలిసిపోయి వచ్చే కట్టెలవాళ్లకు పిండీ నీళ్లూ ఇస్తే తలా రెండు కట్టెలు ఇస్తారు. అవి అమ్మి మళ్లీ శనగలు. అలా కూడబెట్టి, మూడు రోజుల పాటు వచ్చిన కట్టెలన్నీ తానే కొంటాడు. అంతలో జడివాన పట్టి కట్టెలు దొరకకుండా పోతాయి, మంచి ధరకు అమ్ముతాడు. కొట్టు పెడతాడు. చివరికి బంగారంతో ఎలుక చేయించి షావుకారు బాకీ తీరుస్తాడు.

చిన్నవాడికి చచ్చిన ఎలుకకు పత్రం రాయడం తెగ నచ్చింది. నాకు నచ్చింది వేరే. పెట్టుబడి, అప్పు పత్రం, గిరాకీ ఉన్న చోటు చూసుకోవడం, సరుకు నిలవ, బాకీ తీర్చడం, ఇన్నీ ఆ పది నిమిషాల కథలో ఉన్నాయి. 950 రూపాయల పెట్టెలో వీటిలో సగం లేవు. పెద్దది మాత్రం చీకట్లోంచి అడిగింది: ‘కట్టెలన్నీ ఒక్కడే కొనేయడం తప్పు కాదా తాతయ్యా? వానలో అందరూ అన్నం ఎలా వండుకున్నారు?’ నాన్న కాసేపు మాట్లాడలేదు. ‘వాన వస్తుందని వాడికి తెలియదుగా’ అన్నారు చివరికి. ‘వచ్చాక తెలిసింది కదా’ అంది అది.

నేను నిద్రపోతున్నట్టు నటించాను. 2020లో లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారం మా కొట్టులో కందిపప్పు కిలోకు పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాను. నాన్నకు తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లలకు ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

నాలుగో పుస్తకం ఒక్కదాన్ని విడిగా అమ్మితే నేను పది కొని చుట్టాల పిల్లలకు పంచేదాన్ని. పేజీకి నాలుగు గడులు: వచ్చింది, ఖర్చయింది, దాచింది, ఇచ్చింది. గడులు వెడల్పుగా ఉన్నాయి, ఏడేళ్లవాడి చేతిరాత కూడా పడుతుంది. మొత్తం 24 పేజీలే కావడం పెద్ద లోపం, సెలవులు అయ్యేలోపే నిండిపోయింది. ఇంకో లోపం మా అమ్మాయి కనిపెట్టింది. షర్బత్తు రోజున అప్పు పోయిన మూడు గ్లాసులు ఎక్కడ రాయాలో దానికి తోచలేదు. రాలేదు కనుక ‘వచ్చింది’లో రాయకూడదు, ఊరికే ఇవ్వలేదు కనుక ‘ఇచ్చింది’లోనూ కుదరదు. నాన్న ఎర్ర సిరా కలం అడిగి తీసుకుని, స్కేలు పెట్టి అంచున ఐదో గడి గీసి, పైన ‘రావలసింది’ అని రాసింది.

కొనాలా వద్దా అంటే, మీ ఇంట్లో పక్కన కూర్చుని ‘గ్లాసులు ఎవరివి’ అని అడిగే మనిషి ఉంటే కొనండి. పిల్లల చేతికిచ్చి వదిలేసే పనైతే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మూడో పుస్తకం అర్థం కాదు. పన్నెండు దాటినవాళ్లు రెండో పుస్తకాన్ని చూసి నవ్వుతారు. నా లెక్కలో ఐదుకు మూడు. ఆ మూడింట్లో ఒకటి లెక్కల పుస్తకానికి, ఒకటి కొత్త ప్రతి పంపినందుకు, ఒకటి పంది డబ్బాకు.

మూడు అప్పుల్లో రెండు ఆ సాయంత్రమే వసూలయ్యాయి. మూడోది పక్క కొట్టు టైలరు మామయ్యది. ఆయన రేపు, ఎల్లుండి అంటూ పదకొండు రోజులు తిప్పారు. పెద్దది రోజూ ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి ఏమీ అనకుండా వచ్చేసేది. మొన్న బుధవారం నేను శనగపిండి తూస్తుంటే పెట్టె ‘పది రూపాయలు అందాయి’ అని అరిచింది. కొనేవాళ్లు ఎవరూ లేరు. గోడ అవతలినుంచి ఆయన ‘మీ అమ్మాయి బాకీ!’ అని కేక వేశారు. మరుక్షణం పుస్తకం పట్టుకుని అది నా ముందు నిలబడింది. ఎర్ర గడిలో ఆయన పేరు పక్కన ‘ముట్టింది’ అని రాసి, చేయి చాచింది.

‘డబ్బు నీ పెట్టెలోకి వచ్చిందమ్మా, నాకు ఇవ్వాలి.’

గల్లాలో పది నోటు లేదు, చిల్లరా లేదు. అలవాటు కొద్దీ చేయి చాక్లెట్ల సీసా మూత మీదికి పోయింది.

‘చాక్లెట్లు వద్దు’ అంది. పుస్తకం తిరగేసి, ఎర్ర గడిలో కొత్త వరుస మొదలుపెట్టి నా పేరు రాసుకుంది.